ఎనిమిదో పేరు

వీరభద్రయ్యని ఎవరైనా మంచివాడు అంటే నాకు ఒళ్లు మండుతుంది. మా సందులో ఇంటింటా ఆ మాటే. వాడి చేత పనులు చేయించుకుని మంచినీళ్లయినా ఇవ్వనివాళ్లు కూడా, “పాపం, మంచివాడండీ” అని తల ఊపి తమ దోవన తాము పోతారు. వాడి మంచితనం వల్ల నిజంగా బాగుపడ్డవాణ్ణి నేనొక్కణ్ణే. ఎలా బాగుపడ్డానో సందులో ఎవరికీ తెలియదు, నేను చెప్పలేదు కాబట్టి. ఇప్పుడు రాస్తున్నాను.

మాది బెజవాడ పాత ఊళ్లో కొండకీ కాలవకీ మధ్య ఒక ఇరుకు సందు. నా చిన్నతనంలో అక్కడ పద్నాలుగు మగ్గాలుండేవి. ఇంటికొక గుంట, గుంట మీద మగ్గం, ఆ గుంటలో కాళ్లు పెట్టుకుని పొద్దుటి నుంచి దీపాల వేళ దాకా కూర్చునే ఒక మనిషి. మా తాత కూడా అలా కూర్చున్నవాడే. మా నాన్న మాత్రం గుంటలోంచి లేచి బట్టల కొట్టు పెట్టాడు. పెట్టిన ఏడాదే మా ఇంట్లో మగ్గం విప్పేసి, గుంట పూడ్చి, పైన గచ్చు చేయించాడు. కులం ఒకటే, సందు ఒకటే. అయినా వాళ్లు నేసేవాళ్లు, మేము అమ్మేవాళ్లం. ఆ తేడా నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు, దాన్ని వాడుకోవడం కూడా తెలుసు.

వీరభద్రయ్య మా ఎదురింటి పుల్లయ్య బాబాయి పెద్దకొడుకు. నేను వాణ్ణి భద్రం అనేవాణ్ణి. ఇద్దరం ఒకే ఏడు పుట్టాం, ఒకే రోజు బళ్లో చేరాం. తొమ్మిదో ఏట కొండ మెట్ల మీద నుంచి పడి వాడి కుడి మోకాలు దెబ్బతింది. నడక వచ్చింది గాని మోకాలు పూర్తిగా ముడవడం రాలేదు. గుంటమగ్గం మీద నేసేవాడికి కాళ్లే ముఖ్యం. కింద రెండు తొక్కుడు కర్రలు ఒకదాని తరవాత ఒకటి తొక్కుతూనే ఉండాలి. గంటసేపు తొక్కితే భద్రం మోకాలు గుమ్మడికాయలా వాచేది. వీడు మగ్గం మీద బతకలేడని పుల్లయ్య బాబాయి అప్పుడే తేల్చుకున్నాడు. ఇంటిల్లిపాదీ వాడి వాటా పని కూడా నేసి, వాణ్ణి చదివించారు.

పైకెళ్లాలని వాడికి పెద్ద ఆశలేమీ లేవు. మా నేతగాళ్ల సహకార సంఘంలో ఒక ముసలి గుమాస్తా ఉండేవాడు, రెండేళ్లలో దిగిపోతాడు. “స్కూలు ఫైనలు ప్యాసై, పుస్తకం మీద ఎలిజిబుల్ అని వేయించుకుని రా. ఆ కుర్చీ నీదే” అని సంఘం పెద్దలు పుల్లయ్య బాబాయికి మాట ఇచ్చారు. ఆ రోజుల్లో పరీక్ష రాసిన ప్రతివాడికీ మార్కుల పుస్తకం ఇచ్చేవారు. అన్ని సబ్జెక్టుల్లోనూ కనీస మార్కులు వచ్చినవాడి పుస్తకం మీదే ‘ఎలిజిబుల్’ అని పడేది. ఒక్కదాంట్లో తప్పినా పడదు. పడకపోతే వాడు కాలేజీకీ పనికిరాడు, కుర్చీకీ పనికిరాడు. భద్రానికి కావలసింది ఆ ఒక్క ముద్రా, ఆ కుర్చీ, దాని కింద కాలు చాపుకునేందుకు కాస్త చోటూను.

నాకు కావలసింది వేరు. నాకు ఇంజనీరు కావాలని ఉండేది. మా నాన్నతో కృష్ణ ఆనకట్ట మీద నడిచినప్పుడల్లా, నీళ్లని ఆ తలుపుల దగ్గర నిలబెట్టినవాడు ఎంత గొప్పవాడో అనుకునేవాణ్ణి. పైగా లెక్కలంటే నాకు నిజంగా ఇష్టం. అది మాత్రం అబద్ధం కాదు. ఫోర్తు ఫారంలో సాంబమూర్తి మేష్టారు బోర్డు మీద ఒక గీత గీసి, “దీని గురించి నీకు తెలిసిందంతా చెప్పవోయ్” అంటే, నేను పావుగంట సేపు ఆపకుండా చెప్పాను. ఇంటికి వెళ్లాక కూడా చెబుతూనే ఉన్నానట, మా అమ్మ నవ్వేది.

ఫిఫ్తు ఫారంలో అడుగుపెట్టినప్పుడు ఒక ఆప్షనల్ సబ్జెక్టు ఎంచుకోవాలి. అందరికీ ఉండే మామూలు లెక్కలు చిన్నలెక్కలు. ఆప్షనల్‌గా తీసుకునే ఆల్జీబ్రా, జామెట్రీలని పిల్లలం పెద్దలెక్కలు అనేవాళ్లం. పెద్దలెక్కలు చదవనివాడికి కాలేజీలో లెక్కల గ్రూపు ఇవ్వరు. లెక్కల గ్రూపు లేనివాడికి ఇంజనీరింగు లేదు. అది 1943, జూన్. ఆ ఏడు హెడ్‌మాస్టరు గారు వరండాలో ఒక కాగితం అంటించారు. యుద్ధం మూలంగా మేష్టర్లు చాలడం లేదనీ, ఎనిమిదిమంది చేరని ఆప్షనల్ క్లాసు తెరవబోమనీ అందులో ఉంది.

నాతో కలిపి ఏడుగురం తేలాం. అందులో బాబ్జాన్ ఒకడు. వాళ్ల నాన్న గవర్నర్‌పేటలో దర్జీ. బాబ్జాన్ నాకంటే తెలివైనవాడు, ఈ మాట ఇప్పుడు రాయడానికి నాకేమీ నామోషీ లేదు. మిగతా అయిదుగురూ ఇంట్లో తోస్తే చేరినవాళ్లు. ఎనిమిదోవాడు లేడు. క్లాసులో ఒక్కొక్కణ్ణీ బతిమాలాను. కొందరికి మా కొట్లో చొక్కా గుడ్డ కూడా ఆశపెట్టాను. అందరూ పెద్దలెక్కలంటే దణ్ణం పెట్టారు. పేర్లు ఇవ్వడానికి ఒక్క రోజు మిగిలింది.

భద్రం దగ్గరికి వెళ్లాలని ఆ ముందు రోజు సాయంత్రమే నిర్ణయించుకున్నాను. ఏం మాట్లాడాలో కూడా సిద్ధం చేసుకున్నాను.

పొద్దున వెళ్లేసరికి వాళ్లింటి ముందు పడుగు పరిచి ఉంది. నేత పని తెలియనివాళ్లకి చెప్పాలి. గుడ్డలో నిలువు పోగులన్నిటినీ కలిపి పడుగంటారు. మగ్గానికి ఎక్కించే ముందు దాన్ని సందు ఈ చివర నుంచి ఆ చివరికి బిగలాగి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఎండ ముదరకముందే ఆరబెట్టాలి. అది ఒక్క ఇంటివాళ్ల వల్ల అయ్యే పని కాదు. అందుకని మా సందులో ఒక కట్టుబాటు ఉండేది. పడుగు పట్టడానికి రమ్మని పిలిస్తే రాననకూడదు. తింటున్న కంచం ముందు నుంచి లేచైనా రావాలి. పట్టినవాడు, పిలిచిన ఇంటివాళ్లు ఇక చాలనేదాకా చెయ్యి వదలకూడదు. ఒక్క చెయ్యి వదిలితే పోగులన్నీ చిక్కుపడి ఒక ఇంటి నెల్లాళ్ల పని మట్టికొట్టుకుపోతుంది. దీనికి కూలి లేదు. ఇవాళ నీది నేను పడతాను, రేపు నాది నువ్వు పడతావు, అంతే. కొట్టు పెట్టాక మా ఇంట్లోవాళ్లని పిలవడం మానేశారు. నేను పుట్టి బుద్ధెరిగాక ఒక్క పడుగూ పట్టలేదు.

ఆ రోజు వాళ్లదే పడుగు. పని అయ్యేదాకా మా అరుగు మీద కూర్చుని, తరవాత వాడి దగ్గరికి వెళ్లాను.

“ఏంట్రా, పొద్దున్నే వచ్చావ్?” అన్నాడు భద్రం. చేతుల నిండా గంజి.

“పెద్దలెక్కలకి ఏడుగురమే అయ్యాంరా. ఇంకొక్కడు కావాలి.”

“నాకు చిన్నలెక్కలకే గుండె దడదడలాడతది. నేను బుక్‌కీపింగ్ అని కాయితం రాసి పెట్టుకున్నా. సంఘంలో పనికొస్తదని నాన్న కూడా అన్నాడు.”

“అది రెండేళ్లలో ఎప్పుడైనా నేర్చుకోవచ్చు. ఇది ఇవాళ కాకపోతే లేదు. ఇది కూడా ఒక పడుగే అనుకోరా. ఏడుగురం పట్టుకుని నిలబడ్డాం. నువ్వు రాకపోతే ఏడుగురం వదిలెయ్యాలి. నిన్ను పిలవడానికొచ్చా.”

వాడు నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. చేతులు పంచెకి తుడుచుకుంటూ ఆరుతున్న పడుగు వంక చూశాడు. పిలవడానికొచ్చా అన్న మాట వాడి మీద ఎలా పనిచేస్తుందో నాకు తెలుసు. తెలిసే అన్నాను. మా వీధిలో ఇంకే పిల్లవాణ్ణి అడిగినా, చదువుకీ పడుగుకీ ఏమిటి సంబంధం అని నా మొహాన నవ్వేవాడు.

“ఎంతకాలం పట్టాలి?” అన్నాడు.

“రెండేళ్లు. నేనున్నాగా. రోజూ సాయంత్రం కాలవ గట్టు మీద కూర్చోబెట్టి చెప్తా. నిన్ను గట్టెక్కించే పూచీ నాది.”

“పిలిచావు గదా, సరే” అన్నాడు.

తండ్రి సంతకం కావాలి. పుల్లయ్య బాబాయి కాగితం అటూ ఇటూ తిప్పి చూసి నన్ను అడిగాడు.

“అబ్బాయ్, ఇది చదివితే సంఘంలో పని వస్తదా?”

“ఇంకా ముందే వస్తుంది బాబాయ్. పెద్దలెక్కలు చదివినవాడంటే వాళ్లకి గౌరవం.”

ఆ సంగతి నేను ఎవరినీ అడిగి కనుక్కోలేదు. నోటికొచ్చింది చెప్పాను. పుల్లయ్య బాబాయి సంతకం చేశాడు. చౌడేశ్వరమ్మ పిన్ని, భద్రం తల్లి, “మా వాడికి తోడున్నావు నాయనా” అని పెనం మీది నుంచి తీసి వేడి అట్టు పెట్టింది. తిన్నాను. ఇంకోటి వేస్తే అదీ తిన్నాను.

క్లాసు తెరిచారు. మొదటి వారంలోనే భద్రం సంగతి నాకు అర్థమైంది. వాడు మొద్దు కాదు. తెలుగులో, ఇంగ్లీషులో నాకంటే మెరుగు. కాని ఒక గీతని చూసి దాని వెనక ఏముందో ఊహించమంటే వాడి వల్ల కాదు. అందుకని బట్టీ పట్టేవాడు. ఏబీసీ అనే త్రికోణం గురించి పుస్తకంలో ఉన్న రుజువు పొల్లు పోకుండా అప్పజెప్పేవాడు. అదే త్రికోణానికి పీక్యూఆర్ అని పేరు పెడితే, తప్పిపోయిన పిల్లవాడిలా నిలబడిపోయేవాడు.

“పేరు మారితే త్రికోణం మారదురా” అని నేను విసుక్కునేవాణ్ణి.

“నాకు మారిపోయినట్టే ఉంటదిరా” అనేవాడు.

కాగితం కరువు రోజులు. నూలు కట్టలకి చుట్టి వచ్చే దళసరి కాగితాన్ని నీళ్లు చల్లి సాపు చేసి, దాని మీద లెక్కలు చేసేవాడు. వాడి లెక్కలన్నీ ఆ మడతల మీదుగా వంకరపోయి ఉండేవి. నాకు మాత్రం మా కొట్లో ఖాళీ పుస్తకాలుండేవి. ఒక్కటీ వాడికి ఇచ్చిన గుర్తు లేదు.

జులై నెలాఖరులో మొదటి పరీక్ష పెట్టారు. నాకు యాభైకి నలభై నాలుగు, బాబ్జాన్‌కి నలభై ఆరు, భద్రానికి మూడు. గురువారం సాయంత్రం సాంబమూర్తి మేష్టారు నన్నొక్కణ్ణీ ఆగమన్నారు. ఆయన సన్నగా, గట్టి గొంతుతో ఉండేవారు. పిల్లల్ని తిట్టేటప్పుడు తప్ప నవ్వరు. ఆ రోజు తిట్టనూ లేదు, నవ్వనూ లేదు.

“ఏమోయ్ అంకమ్మరావ్, వీరభద్రయ్య నీ స్నేహితుడేగా?”

“అవునండీ.”

“వాడికి ఇది రాదు. బద్ధకస్తుడైతే నాలుగు తగిలించి దారికి తెచ్చేవాణ్ణి. కష్టపడుతున్నాడు, అయినా రావడం లేదు. స్కూలు ఫైనల్లో తప్పుతాడు. శనివారం దాకా సబ్జెక్టు మార్చుకోవడానికి గడువుంది. బుక్‌కీపింగ్ తీసుకోమని నువ్వు చెప్పు. నేను చెబితే క్లాసులోంచి గెంటేశానని కుంగిపోతాడు. నువ్వు చెబితే వింటాడు.”

“వాడు మారితే ఏడుగురమే అవుతామండీ.”

“అవుతారు. క్లాసు తీసేస్తారు. తీసేస్తే తీసేశారు. నేను మూడో ఫారానికి చిన్నలెక్కలు చెప్పుకుంటాను. మీ ఏడుగురూ ఇంకోటేదో చదువుకుంటారు. ఒక పిల్లవాడి బతుకు పెట్టి క్లాసు నడపాలా?”

“చెప్తానండీ” అన్నాను.

ఆ మనిషికి లెక్కలు ప్రాణం. తన క్లాసు మూతపడుతుందని తెలిసి ఆ మాట అన్నారు. నేను ఆయన చెప్పిన రుజువులన్నీ నేర్చుకున్నాను గాని, ఆ ఒక్కటి నేర్చుకోలేదు.

గురువారం చెప్పలేదు. ఇంటికి వెళ్లే దారిలో వాన వచ్చింది, మాట్లాడే వీలు చిక్కలేదని నాకు నేను చెప్పుకున్నాను. శుక్రవారం వాడు బట్టీ పట్టిన సిద్ధాంతం తప్పు లేకుండా అప్పజెప్పాడు. చూశావా, వచ్చేస్తోంది, మేష్టారు తొందరపడ్డారు అనుకున్నాను. మూడు మార్కులవాడికి ఒక్క రోజులో ఏం వచ్చేస్తుంది? అది నాకు తెలియదా? తెలుసు. ఇంజనీరు కావాలనుకున్నవాడికి ఆ మాత్రం కూడిక తెలియదా?

శనివారం వాడు నన్ను వదలకుండా తిరిగాడు. మధ్యాహ్నం తన డబ్బాలోని చద్దన్నం సగం నాకు పెట్టి, నా పక్కనే కూర్చున్నాడు. అవీ ఇవీ వాగాను. స్టేషన్లో ఆగిన సోల్జర్ల రైలు గురించి, బాబ్జాన్ కొత్త చొక్కా గురించి, ఇంకా దేని గురించో. చివరి గంట కొట్టారు. ఆఫీసు గది తలుపు మూశారు. ఇంటికి వెళ్లాక నాకు విపరీతంగా ఆకలి వేసింది. అమ్మ చేత రెండుసార్లు వడ్డించుకున్నాను.

సోమవారం మేష్టారు నన్నేమీ అడగలేదు. మరిచిపోయారనుకుని సంతోషించాను.

కాలవ గట్టు మీద పాఠాలు దసరా దాకా సాగాయి. ఆ తరవాత నేనే మానేశాను. బాబ్జాన్ నాకంటే ముందుకు పోతున్నాడు, నాకు నా మార్కుల గొడవ. “నువ్వే చదువుకోరా, చదివితే వస్తుంది” అని భద్రానికి చెప్పేశాను. వాడు సరేనన్నాడు. ఆ పైన వాడికి ఎవరైనా నిజంగా నేర్పారంటే బాబ్జానే. వాళ్ల నాన్న కొలతలకి కత్తిరించే అట్టముక్కలు తెచ్చి, త్రికోణాలుగా కత్తిరించి, ఒకదాని మీద ఒకటి పెట్టి చూపేవాడు. అట్టముక్క చేతిలో ఉన్నంతసేపూ భద్రానికి అర్థమయ్యేది. పరీక్ష హాల్లోకి అట్టముక్కలు తీసుకెళ్లనివ్వరు.

మధ్యలో మానేద్దామని వాడు ఒక్కసారి కూడా అనలేదు. మానేస్తే, రెండో ఏడైనా సరే, ఏడుగురికి క్లాసు నడపరని వాడికి తెలుసు. మార్కులు వచ్చిన ప్రతిసారీ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, “ఈ మాటు అయిదు” అనో, “ఈ మాటు ఏడు” అనో నాతో చెప్పేవాడు. తిట్టలేదు, ఏడవలేదు. వాడు తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు మాత్రం హాయిగానే ఉండింది.

1945 మార్చిలో స్కూలు ఫైనలు రాశాం. జామెట్రీ కాగితంలో పెద్ద లెక్కకి త్రికోణం పేరు పీక్యూఆర్. కాగితం చూడగానే నా కళ్లు మూడు వరసల అవతల వాడి మీదికి పోయాయి. వాడు కలం కింద పెట్టి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నేను తల దించుకుని రాసుకున్నాను.

ఫలితాలు వచ్చిన రోజు స్టేషన్ దగ్గర పేపరు కోసం తొక్కులాట. నా నెంబరుంది. బాబ్జాన్ నెంబరుంది. ఎనిమిదిమందిలో ఆరుగురు ఎలిజిబుల్. భద్రం నెంబరు లేదు. తరవాత పుస్తకం వచ్చింది. తెలుగు అరవై రెండు, ఇంగ్లీషు నలభై ఏడు, చిన్నలెక్కలు నలభై ఒకటి, సైన్సు, సోషలు కూడా గట్టెక్కాయి. పెద్దలెక్కలు పందొమ్మిది. ఆ ఒక్క గడి లేకపోతే వాడు సంఘం కుర్చీలో కూర్చునేవాడు.

పుల్లయ్య బాబాయి ఆ పుస్తకం పట్టుకుని సంఘానికి వెళ్లాడు. వాళ్లు జాలిపడ్డారు. “రూలు ఒప్పుకోదయ్యా” అన్నారు. బందరు నుంచి ఒక కుర్రాడొచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. భద్రం ఇంకోసారి పరీక్ష రాశాడు, ఇరవై రెండు వచ్చాయి. మరో సబ్జెక్టు మీద రాయాలంటే మళ్లీ రెండేళ్లు బళ్లో కూర్చోవాలి. ఇంట్లో తమ్ముళ్లు ఎదుగుతున్నారు, నూలు మీద సర్కారు కంట్రోలు వచ్చి పని చేతినిండా దొరకని రోజులు. దసరా వెళ్లిన మర్నాడు భద్రం గుంటలోకి దిగాడు.

అప్పటి నుంచి వాడి పని ఇదీ. పొద్దున గంట నేస్తాడు, మోకాలికి కాపడం పెట్టుకుంటాడు, మళ్లీ గంట నేస్తాడు. తమ్ముడు రోజుకి నేసేదాంట్లో సగం కూడా కాదు. నూలు పర్మిట్లని, కంట్రోలు ఆర్డర్లని ఇంగ్లీషు కాగితాలు వస్తే సందులో అందరూ వాడి దగ్గరికే తెస్తారు. వాడు ఓపిగ్గా చదివి, అర్థం చెప్పి, జవాబులు రాసి పెడతాడు. సంఘం గుమాస్తా కూడా అర్థం కాని కాగితం వస్తే సైకిలు మీద వచ్చి వాడి చేత చదివించుకుపోతాడు. ఇదీ వాళ్లు మంచివాడు అనేది.

నేను ఇంటర్మీడియట్ చదివి, 1947లో మద్రాసులో ఇంజనీరింగులో చేరాను. స్టేషన్‌కి నా ట్రంకు పెట్టె ఒక పక్క పట్టుకుని కుంటుకుంటూ వచ్చినవాడు కూడా భద్రమే. “పెద్ద ఆనకట్ట కట్టరా” అని నవ్వాడు.

మొన్న వేసవి సెలవులకి వచ్చినప్పుడు వాళ్లింటికి వెళ్లాను. ఊరికే వెళ్లలేదు. మా నాన్న కొట్లో బట్టలు మడతలు విప్పి చూపించే మనిషి మానేశాడు. కూర్చుని చేసే పని. ఆ పని భద్రానికి ఇప్పిస్తే నా గుండెలో ఆరేళ్లుగా గుచ్చుకుంటున్నది కాస్త తగ్గుతుందనుకున్నాను. వాడు మగ్గం మీద ఉన్నాడు. మోకాలికి తడిగుడ్డ చుట్టుకున్నాడు. చౌడేశ్వరమ్మ పిన్ని పీట వేసి లోపలికి వెళ్లింది.

కొట్లో పని సంగతి చెప్పాను. వాడు తెగిన పోగు ముడివేస్తూ విన్నాడు.

“నాన్ననడిగి చెప్తాలే” అన్నాడు. “నీ చదువెట్టా ఉంది?”

బాగానే ఉందన్నాను. ఆ తరవాత ఉండబట్టలేకపోయాను. ఆ ఏడు జులైలో మేష్టారు నన్ను పిలిచి చెప్పిందీ, మూడు రోజుల గడువూ, నేను చెప్పకుండా దాచిందీ అంతా చెప్పేశాను. క్లాసు పోతుందని భయపడ్డానన్నాను. క్షమించమని కూడా అన్నాను. నిజం చెప్పాలంటే, వాడు లేచి నన్ను ఒక్కటి కొడితే ఆ రోజుతో తీరిపోతుందని ఆశ ఉండింది నాకు.

వాడు పోగు ముడివేసి, కొస కొరికి, అప్పుడు తలెత్తాడు.

“తెలుసు” అన్నాడు.

“ఏం తెలుసు?”

“ఆ శనివారం పొద్దున్నే మేష్టారు నన్ను వరండాలో ఆపారు. ‘అంకమ్మరావు నీకు చెప్పాడా?’ అనడిగారు. ఏం చెప్పాలో నాకు తెలవదు. చెప్పలేదంటే నిన్ను తిడతారని, చెప్పాడండీ అన్నా. ‘మరి ఇవాళే ఆఖరు. మారతావా, ఉంటావా?’ అన్నారు. అప్పుడర్థమైంది. సాయంత్రం లోపు ఆఫీసుకొస్తే మారినట్టు, రాకపోతే ఉన్నట్టనుకోండి అన్నా.”

ఆ శనివారమంతా వాడు నా పక్కనే ఎందుకు కూర్చున్నాడో అప్పుడు తెలిసింది. చద్దన్నం తింటూ నేను వాగిన వాగుడంతా గుర్తొచ్చింది.

“మరి మారిపోవాల్సిందిరా! నేను చెప్పకపోతే ఏం? మేష్టారే చెప్పారుగా!” అన్నాను. నా తప్పు కాస్తయినా వాడి మీదికి తొయ్యాలన్న కక్కుర్తి అప్పుడు కూడా పోలేదు నాకు.

“పిలిచినోడివి నువ్వు. నువ్వు చాలంటే పోవచ్చు. నాకై నేను పోగూడదు. చెప్తావేమోనని ఆఖరి గంట దాకా చూశా.”

“చూస్తూ కూర్చోకపోతే, మేష్టారు ఏం చెప్పారని నన్నొక్క మాట అడగొచ్చు గదరా!”

వాడు మళ్లీ మగ్గం మీదికి వంగాడు.

“అడిగితే అబద్ధం ఆడేవాడివి. అది నీ నోట వినబుద్ధి గాలా.”

నిజమే. ఆడేవాణ్ణే.